పాట వచ్చింది, మాట రాలేదు

రిపేరు పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, మీ సర్వీసులో మిమ్మల్ని బాగా సతాయించిన కేసు ఏది అని అడుగుతుంటారు. పిడుగు పడిన టీవీ గురించో, పొగలొచ్చిన ఆంప్లిఫయర్ గురించో చెబుతానని వాళ్ల ఆశ. అవన్నీ ఏం కేసులయ్యా! కాలింది తీసేసి కొత్తది వేస్తే సరిపోయేవి. నన్ను నిజంగా పిచ్చివాణ్ని చేసింది ఒక హోమ్ థియేటర్. దాన్ని బాగు చేశానా, ఒక ఇంటి పరువు బజారున పెట్టానా అన్నది ఇవాళ్టికీ నాకు తేలలేదు. పని విడిచిపెట్టి ఇంట్లో కూర్చున్నాక కూడా తల గోక్కుంటూనే ఉన్నాను.

నాది చెన్నూరు పక్కన ఒక పల్లె. పని మాత్రం సిరిసిల్లలో, ఒక రేడియో టీవీ షాపులో. ఆ ఊళ్లో పవర్‌లూమ్‌లను సాంచాలంటారు. మా గిరాకీలో ఎక్కువమంది ఆ సాంచాలు నడిపేవాళ్లే. వారం కూలితో ఇల్లు గడుపుకునేవాళ్లకు కొత్తది కొనుక్కోండి అని చెప్పడానికి నోరెలా వస్తుంది? మా సేటు రోజూ పొద్దున షట్టరు ఎత్తుతూనే, "ఉన్నదాన్నే నడిపియ్యిరా, పుణ్యముంటది" అనేవాడు. పుణ్యం ఆయన ఖాతాలో పడేది, చెమట నాకు పట్టేది.

ఆ కాలంలో గల్ఫ్ నుంచి కార్గో డబ్బాల్లో రాని వస్తువు లేదు. దుప్పట్లు, పాలపొడి, టార్చిలైట్లు, వాటితోపాటు హోమ్ థియేటర్లు. ఐదు చిన్న స్పీకర్లు, ఒక పెద్ద బాసు డబ్బా, డిస్కులు వేసుకునే మిషను. ఏడాది తిరిగేసరికి ఆ డిస్కుల భాగం పాడయ్యేది, మిగతాది బీరువా మీద దుమ్ము పట్టేది. ఇళ్లల్లోకి సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు రావడం మొదలయ్యాక ఆ రెంటినీ కలపమని జనం మా షాపుకు రాసాగారు. అలా వచ్చినవాడే ఈ సాంచాల కార్మికుడు.

"అన్నా, మా అన్న పంపిన హోమ్ థియేటర్ ఉంది. డిస్కులు ఏసేది ఖరాబైంది గని డబ్బాలు మంచిగున్నయి. నా కంప్యూటర్‌కు కలుపుతవా?" అన్నాడు.

"కలుపుత. సినిమాలు సూసుటానికా?"

"కాదన్నా. శుక్రవారం మా వదిన బిడ్డను తొట్టెలల ఏస్తున్నం. అన్న గల్ఫ్‌కెల్లి కంప్యూటర్ల మాట్లాడి పేరు చెప్తడు. వచ్చినోళ్లందరికి ఆయన గొంతు ఇనవడాలె. గిట్ల డబ్బాలల్ల వస్తదని అన్నకు చెప్పలే, తర్వాత ఎరుకైతే ఖుష్ అయితడు. జర తక్కువల ఎల్లేటట్టు చూడు."

వెళ్లాను. ఇల్లు చిన్నదే. ముందు ఒక పెద్ద గది, వెనక ఒక ఇరుకు గది, ఆ వెనక గోడకు ఆనుకునే సాంచాల షెడ్డు. గోడలు కూడా ఆ చప్పుడుకు సన్నగా వణుకుతుంటాయి. నెట్ వైరు వచ్చేది వెనక గదిలోకి, కాబట్టి కంప్యూటరు అక్కడ. స్పీకర్లు మాత్రం జనం కూర్చునే ముందు గదిలో. బాసు డబ్బా వెనక ఎరుపు, తెలుపు రంధ్రాలు రెండు బాగానే ఉన్నాయి. అంత పొడుగు వైరు బజారులో కొంటే బరువవుతుందని, షాపులో మిగిలిన వైరుతో నేనే ఒకటి తయారు చేసి తీసుకెళ్లాను. నేల మీద పరిచి కలిపి పాట పెట్టాను. వినిపించింది. నా పని అయిపోయింది అనుకున్నాను.

టీ తెచ్చిచ్చింది వదిన, అంటే బాలింత. మా చెన్నూరు దిక్కు పిల్లే, అత్తగారిల్లు చేరినా ఇంకా బీడీలే చుడుతుంది, సాంచాల పని రాదు. తల్లి లేకపోవడంతో కాన్పు కూడా ఇక్కడే జరిగిందట. మా వైపు మనిషినని తెలిసి చనువుగా అడిగింది.

"అన్నా, ఆయన మాట మంచిగ ఇనవడుతదా?"

"పక్కన కూసోని మాట్లాడినట్టే ఇనవడుతది చెల్లే. గంత ఫికరేంది?"

"మొదటిది ఆడపిల్లనే. అప్పుడు రోజు ఫోన్ చేసిండు. ఇప్పుడు రెండోది సుత బిడ్డనే పుట్టింది. పుట్టిన కాడికెల్లి నాతోని ఒక్క మాట మాట్లాడలే అన్నా. మరిదికి ఫోన్ చేసి, శుక్రవారం కంప్యూటర్ల మాట్లాడుత అని చెప్పి పెట్టేసిండట. నా మీద కోపమో, బిడ్డ మీద కోపమో. ఆయన గొంతు ఇంటె నాకు ఎరుకైతది."

ఎరుకైతది లే అని టీ తాగాను. ఈలోగా ఆమె అత్త, కొడుకులు అవ్వా అని పిలిచే పెద్ద నోరున్న మనిషి, లోపలికి వచ్చి నేల మీది వైరును చూసి కస్సుమంది. "పది మంది ఆడోళ్లు తిరిగే ఇల్లు, గీ వైరు కాళ్లల్ల వడితే ఎట్ల కొడుకా? పైకెల్లి గుంజు."

"అది నేను చూసుకుంట, నువ్వు పోయిరా అన్నా," అన్నాడు నన్ను పిలిచిన తమ్ముడు. షాపులో పని ఉంది కదా అని వచ్చేశాను. సజ్జ మీది నుంచి తిప్పితే ఆ వైరు సరిపోతుందా అని అడగాలని కూడా తోచలేదు.

గురువారం మధ్యాహ్నం తమ్ముడు ఉరుక్కుంటూ వచ్చాడు. "అన్నా, పరేషాన్ అయితుంది! పాట వస్తుంది గని మా అన్న మాట వస్తలేదు!"

నాకు అర్థం కాలేదు. పాట వచ్చే దారి, మాట వచ్చే దారి ఒకటే కదా. ఎదురు షాపు కంప్యూటర్ మనిషిని కూడా వెంటబెట్టుకుని వెళ్లాను. అతనికీ నాకూ రోజూ గొడవే. ఏ ఇంట్లో ఏం చెడినా అతను నా వైరంటాడు, నేను అతని డబ్బా అంటాను. వెళ్లి చూస్తే నిజమే. పాట పెడితే బాసు డబ్బా దడదడలాడుతోంది. రేపటి కోసం సరిచూద్దామని తమ్ముడు ముందే చెప్పి ఉంచడంతో గల్ఫ్ నుంచి కాల్ వచ్చింది. ఆ రోజు నెట్ సన్నగా ఉండి బొమ్మ రాలేదు. మైకున్న కెమెరాను కంప్యూటర్ మనిషి మరుసటి రోజు తెస్తానన్నాడు, కాబట్టి మా మాట అవతలికి వెళ్లే దారి కూడా లేదు. అతను మాట్లాడితే వినాలి, అంతే. అందరం స్పీకర్ల వంక నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాం. కాల్ నడుస్తున్నట్టు తెర మీద కనిపిస్తోంది. గొంతు మాత్రం లేదు. సన్నగా గుయ్‌మని మోత, వెనక షెడ్డులో సాంచాల టకటక. అంతే. కాసేపటికి కాల్ తెగిపోయింది.

కంప్యూటర్ మనిషి ఏవేవో నొక్కాడు. ఏవో తీసేశాడు, మళ్లీ ఎక్కించాడు. నేను స్పీకర్లు ఊడదీసి బిగించాను. చివరికి కంప్యూటర్ డబ్బాను మోసుకుని మా షాపుకు పోయి, ఎదురు షాపు నెట్ వైరుకు, మా స్పీకర్లకు కలిపి, నిర్మల్‌లో నెట్ సెంటరులో ఉన్న కంప్యూటర్ మనిషి దోస్తుతో కాల్ చేయించాం. ఆ దోస్తు గొంతు ఖంగున వచ్చింది. డబ్బాను మళ్లీ ఆ ఇంటికి మోసుకొచ్చి అతనితోనే కాల్ చేయిద్దామంటే అప్పటికి అతను ఆ సెంటరు నుంచి వెళ్లిపోయాడు. ఏం ఖర్మో!

"నా డబ్బా మంచిగుంది," అన్నాడు కంప్యూటర్ మనిషి.

"పాట వస్తుంది గదా, నా వైరు సుత మంచిదే," అన్నాను నేను.

మొదటిసారి ఇద్దరం ఒక మాట మీదికి వచ్చాం. ఇక్కడ అన్నీ మంచివే అయితే తప్పు అక్కడే ఉండాలి. గుమ్మంలో బిడ్డనెత్తుకుని నిలబడ్డ బాలింతతో, "తప్పు మన దిక్కు లేదు చెల్లే, అటు దిక్కే ఉంది," అన్నాను. అతని మైకు గురించి చెబుతున్నాననుకున్నాను నేను.

"నాకు ఎరుకనే అన్నా. మాట్లాడబుద్ధి అయితలేదు ఆయనకు," అని లోపలికి వెళ్లిపోయింది.

కాదమ్మా, నేనన్నది అది కాదు అని వెనకే వెళ్లి చెప్పబోయాను. కానీ ఏమని చెప్పను? కాల్ కలిపి మాట్లాడకుండా కూర్చున్నాడేమో, నాకేం తెలుసు? ఆ రాత్రి అన్నం సయించలేదు. పాట ఎందుకొచ్చింది, మాట ఎందుకు రాలేదు? మా సేటును అడిగితే, "నువ్వే మెకానిక్‌వి, నన్నడుగుతవేంది?" అన్నాడు.

శుక్రవారం వచ్చింది. గల్ఫ్‌లో వాళ్లకు సెలవు. ఇల్లంతా ఆడవాళ్లు. తొట్టెలకు పూలు కట్టారు. కంప్యూటర్ మనిషి మైకున్న కెమెరా తెచ్చి బిగించాడు. వెనక షెడ్డు ఆసామిని బతిమాలి కాసేపు సాంచాలు బంద్ చేయించారు. ఆ వాడ అంత నిశ్శబ్దంగా ఉండగా నేను ఎన్నడూ చూడలేదు. జనం వచ్చేదాకా పాటలు పెట్టమన్నారు. పెట్టాం. ఒక ముసలమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, "గీ పాట పాడెటోళ్లు ఏడికి వోయిండ్రు? వట్టి సప్పుడే వస్తుంది," అంది.

విన్నాను. ఓరి దేవుడా! డోలు ఉంది, సన్నాయి ఉంది. పాడే మనిషి లేడు! ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు గొంతు తాలూకు నీడ మాత్రం ఉంది. నిన్నంతా సాంచాల చప్పుడులో మాకు వినిపించింది డోలు మాత్రమే. డోలు వినిపిస్తే పాట వస్తోందనుకున్నాం. వాద్యాలను పంపించి మనిషి గొంతును మాత్రం ఆపే వైరు ఎక్కడైనా ఉంటుందా?

అప్పుడే కాల్ మోగింది. ఈసారి బొమ్మ వచ్చింది. ఒక ఇరుకు గది, ఇనుప మంచం, దాని మీద అతను. పెదవులు కదులుతున్నాయి. స్పీకర్లలో ఏమీ లేదు. కంప్యూటర్ మనిషి సౌండును చివరిదాకా పెంచాడు. అయినా లేదు. నేను తమ్ముణ్ని రెక్క పట్టుకుని లాగాను. "నిచ్చెన తే. వైరు ఎటుకెల్లి గుంజినవ్, చూపియ్యి!"

రెండు గదుల మధ్య గుమ్మం పైన ఉన్న సజ్జ మీదికి ఎక్కాను. కింద నిచ్చెన పట్టుకుని తమ్ముడు. అక్కడి నుంచి రెండు వైపులా వినిపిస్తుంది. వెనక గదిలో అత్త కళ్లద్దాలు పెట్టుకుని తెరకు దగ్గరగా జరిగింది. కాసేపు కొడుకు మొహాన్నే చూసింది. తర్వాత ఒక్కసారిగా ముందు గదికి వినిపించేలా గొంతెత్తింది.

"బిడ్డ మహాలక్ష్మి తీరుగ ఉందంటుండు!"

ముందు గదిలో నవ్వులు. "అందరిని అడిగిన అని చెప్పమంటుండు! కడుపునిండ తిని పోండ్రంటుండు!"

"నీకెట్ల తెలుస్తుంది అత్తా?" కోడలి గొంతు.

"ఏందే, సాంచాల నడుమ బతికినదాన్ని. గా సప్పుడుల మాట ఇనవడ్తదా? పెదవులు సూసుకుంటనే ముచ్చట వెట్టుకుంటం."

నిజమే. షెడ్డులో ఈ చివర ఉన్నవాళ్లు ఆ చివర ఉన్నవాళ్లతో పెదవుల మీదే ఇంటి సంగతులన్నీ మాట్లాడుకుంటారు. నాకు చేతకాదు, బీడీలు చుట్టే ఆ పిల్లకూ చేతకాదు. తమ్ముడికి చేతనవును, కానీ అతను నిచ్చెన దగ్గర ఉన్నాడు.

"ఆయన మొహంల నవ్వు లేదు గదా అత్తా," అంది కోడలు. "నువ్వు చెప్తుంటె తల అడ్డంగ ఊపుతుండు. నా మనసు చిన్నగైతదని నువ్వే అల్లి చెప్తున్నవ్. గిదంత ఎందుకు? ఆయనకు బిడ్డ వద్దు, గంతే." బిడ్డ ఏడుపు అందుకుంది. ఆమె లేచినట్టు గాజుల చప్పుడు వినిపించింది.

నా చేతికి టేపు తగిలింది. సజ్జ మూలన, చుట్టి చుట్టి అంటించిన టేపు. "గిదేంది?" అన్నాను.

"వైరు సరిపోలే అన్నా. పాడైన డిస్కుల మిషన్‌ల ఉన్న వైరు కోసి అతికిన."

టేపు పీకాను. అబ్బ, ఏం ముడి అది! ఎరుపుకు ఎరుపు, తెలుపుకు తెలుపు, తెగిన పోగును అతికినట్టు సన్నగా, గట్టిగా. చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఆ రెండు తీగల చుట్టూ అల్లుకుని ఉండాల్సిన ఉత్త రాగి పోగులు లేవు. రెండు వైపులా మొదలంటా కత్తిరించేశాడు.

"మీద ఉన్న రాగి ఏదిరా?"

"గా పీచా? కత్తిరిచ్చిన అన్నా. పీచు ఉంటె ముడి మంచిగ కూసోదు గదా."

దారం పని చేసేవాడికి రంగు లేని పోగులు పీచు. వైరులో అవి వెనక్కి వెళ్లే దారి. తమ్ముళ్లూ, ఇది గుర్తుపెట్టుకోండి. ఆ దారి లేకపోతే ఎడమ శబ్దం, కుడి శబ్దం ఒకదానికొకటి ఎదురుపడతాయి. రెంటిలోనూ సమానంగా ఉన్నది కొట్టేసుకుపోతుంది. డోలు ఒక పక్కకు, సన్నాయి ఒక పక్కకు ఉంటాయి కాబట్టి అవి బతుకుతాయి. పాడే గొంతు నడిమధ్యన ఉంటుంది. ఫోన్లో మాట అయితే పూర్తిగా సమానం. అందుకే అతను నిన్నటి నుంచి మాట్లాడుతున్న మాటలన్నీ ఆ సజ్జ మీదే చచ్చిపోయాయి. పాట వస్తోంది కాబట్టి వైరు మంచిదే అన్న నా తెలివి ఏమైనట్టు?

పంటితో పై తోలు కొరికి రాగి పోగులు బయటకు తీశాను. అతకడానికి సామాను కింద సంచిలో ఉంది. దిగే ఓపిక లేదు. రెండు వైపుల పోగులనూ కలిపి వేళ్లతో గట్టిగా నొక్కి పట్టుకున్నాను.

ఐదు స్పీకర్లూ ఒక్కసారి పేలాయి.

"నేనట్ల అనలే అవ్వా! అబద్ధాలెందుకు చెప్తవ్? నా నౌకరి పోయిందంటున్న గదనే! కంపెనీ బందైంది, నన్ను వాపస్ పంపుతుండ్రు! నీకు, దానికి చెప్తున్న, బయట ఎవలకు చెప్పకుండ్రి!"

సౌండు చివరిదాకా పెంచి ఉంది కదా. బయట ఎవరికీ చెప్పొద్దన్న మాట వాడంతా విన్నది. అతనికేమో తన మాట ముందు గదిలోకి వెళుతోందని కూడా తెలియదు. అత్త కళ్లద్దాలు తీసేసింది. ముందు గదిలో మూతులు చెవుల దగ్గరికి చేరాయి. "అయ్యో, బిడ్డ పుట్టంగనే..." అని ఎవరో సగంలో ఆపారు.

"ఆపు అన్నా, ఇడిశిపెట్టు!" కింది నుంచి తమ్ముడు నిచ్చెన ఊపుతున్నాడు. నా వేళ్లు వదిలితే చాలు, గొంతు ఆగిపోతుంది. ఇంటి గుట్టు ఇంకా బయటపడదు. వదలబోయాను. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల అడిగింది.

"బిడ్డ పుట్టిందని కోపం కాదా నీకు?"

ఇప్పుడు వదిలితే ఆమెకు జవాబు వినపడదు. పట్టుకుంటే అందరికీ వినపడుతుంది. ఏది చెయ్యాలి? ఎవరినడగాలి? ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటిది ఎవరూ నేర్పలేదు నాకు. ఇవాళ ఎవరైనా ఇలా చెయ్యి, అలా చెయ్యి అని చెప్పినా నేను నమ్మను. వేళ్లు మాత్రం వదల్లేదు.

"పిచ్చిదానా, బిడ్డ మీద కోపమేందే?" అన్నాడతను. ఏడుస్తున్నాడని గొంతులోనే తెలుస్తోంది. "అది పుట్టిన నాడే కంపెనీ బందైంది. గీ మాట ఎరుకైతె అందరేమంటరు? బిడ్డ కాలు మంచిది కాదంటరు. అది పెరిగి పెద్దగైనా గదే అంటరు. గందుకే నోరు మూసుకున్న. నీతోని మాట్లాడితె నా గొంతుల నీకు ఎరుకైపోతది. అవ్వ సుత గందుకే మాట మార్చింది, గంతే."

ఆ పిల్ల వెనక గదిలోంచి లేచి, నా నిచ్చెన పక్క నుంచే గుమ్మం దాటి, బిడ్డను భుజాన వేసుకుని ముందు గది మధ్యలో నిలబడింది. అంత మెత్తటి మనిషి, చెంపలు తుడుచుకోను కూడా తుడుచుకోలేదు.

"అందరు ఇన్నరు గదా. నా బిడ్డ పుట్టింది, దాని బాపు ఇంటికొస్తుండు. గదే దాని కాలు. ఇగ ఎవలేమంటరో నా ముంగటనే అనుండ్రి, నా యెనక కాదు."

సగంలో మాట ఆపినావిడ తలదించుకుంది. అత్త లోపలి నుంచి వచ్చి కోడలి చేతుల్లోంచి బిడ్డను తీసుకుని తొట్టెలలో పడుకోబెట్టింది.

"అయ్యా, బిడ్డ తొట్టెలల ఉంది," అని వెనక గది వైపు తిరిగి కేకేసింది. "పేరు చెప్పు. గీసారి నేను చెప్ప, నువ్వే చెప్పు."

స్పీకర్లలోంచి చాలాసేపు ఏమీ రాలేదు. కింద అందరూ తలెత్తి నా వంక చూశారు. వైరు మంచిగనే ఉంది అని సైగ చేశాను. నా వేళ్లు తిమ్మిరెక్కిపోతున్నాయి. అతను ముక్కు చీదుకున్న చప్పుడు ఐదు మూలల నుంచీ వినిపించింది. తర్వాత బిడ్డ పేరు చెప్పాడు.